దెబ్బ తగిలినంక మళ్ళ ఉరుకుడు ఎట్ల మొదలువెట్టాలె: అందరూ అడిగే ప్రశ్నలు

పొద్దుగాల హన్మకొండ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గ్రౌండ్‌ల గానీ వడ్డేపల్లి చెరువు కట్ట మీద గానీ ఉరికేటోళ్ళు ఒకరినొకరు రోజూ అడిగేవే ఇవి. ఎక్కువ మంది కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, ఆర్మీకి ప్రాక్టీస్ చేసే పిల్లలు, తర్వాత షుగర్ వచ్చిందని కొత్తగ మొదలువెట్టిన సార్లు, కబడ్డీల మోకాలు పోగొట్టుకున్నోళ్ళు. ఎవరు ఎట్ల అడిగిన్రో అట్లనే పెట్టిన. నేను డాక్టర్‌ను కాదు, కోచ్‌లు ఫిజియోలు చెప్పంగ విన్నది, చదివింది, మాతోని ఉరికేటోళ్ళకు అయింది చూసింది కలిపి రాస్తున్న. కాలు మీద బరువేసి నాలుగడుగులు వెయ్యలేకపోతున్నరంటే మాత్రం ఇది తర్వాత చదువుకోవచ్చు, ముందు ఆర్థో డాక్టర్ దగ్గరికి పోండ్రి.

అన్నా, కాలు బెణికి పది రోజులాయె. ఇంకెన్ని రోజులకు ఉరకొచ్చు? ఒక్క ముక్కల చెప్పరాదే.

ఒక్క ముక్కల వచ్చే జవాబు కాదు తమ్మీ ఇది, ఏది దెబ్బతిన్నదో దాన్ని బట్టి ఉంటది. కండ లైట్‌గ పట్టేస్తే వారం పది రోజులల్ల లైన్‌కొస్తది. తొడ వెనక కండ చిరిగిందంటే మూడు నుంచి ఆరు వారాలు. చీలమండ కొంచెం బెణికితే రెండు వారాలకు మెల్లగ జాగింగ్ మొదలువెట్టేటోళ్ళున్నరు గానీ అదే వాపెక్కి నీలం తిరిగిందంటే ఆరు వారాలు కూడ పడ్తది. ముంగాలి ఎముకకు స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎక్కువ ఉరికి ఎముకకు వచ్చే సన్న పగులు) అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు అసలు ఉరుకుడే బంద్. మడిమ వెనక అకిలిస్ టెండన్‌ది (పిక్క కండను మడిమ ఎముకకు కట్టే తాడు) వేరే కథ, దానికి ఉత్త రెస్ట్ ఇస్తే మొండికేస్తది, మెల్లమెల్లగ బరువు అలవాటు చేస్తేనే దారికొస్తది, మూడు నెలలనుకొని దిగాలె. అందుకే క్యాలెండర్ చూసుడు కంటే కాలు ఏమేం చెయ్యగల్గుతుందో చూసుకునుడు నయం, అది కింద రాసిన.

నొప్పి మొత్తం పోయింది. ఇంక ఆగుడెందుకు?

ఎక్కువ మందికి రెండోసారి దెబ్బ తగిలేది ఈడనే, అందుకే దీనికి జర పెద్ద జవాబు.

ఉరుకుడు ఆపినంక మొదటి పది రోజులల్ల దమ్ము పెద్దగ తగ్గది, నెల దాటితే బాగ తెలుస్తది. కానీ మళ్ళ మొదలువెడితే కొన్ని వారాలల్లనే తిరిగొస్తది, గుండె ఊపిరితిత్తులు అంత తొందరగ పనిలకు దిగుతయ్. కండలు కూడ ఫర్వాలేదు. వెనకపడేది ఎముక, టెండన్. ఎముక మీద కొత్తగ బరువు పడుడు మొదలైతే అది ముందు పాతదాన్ని తొలుస్తది, తర్వాత ఆ జాగల కొత్తది పోస్కుంటది. తొలిచే పని రెండు మూడు వారాలల్ల అయిపోతది, పోసుకొని గట్టిపడేదానికి నెలలు పడ్తది. మన కాలనీలల్ల పైపుల కోసం రోడ్డు తవ్వుతరు చూడుండ్రి, తవ్వుడు ఒక్క రోజే, మళ్ళ సీసీ పోసుడు ఎప్పటికో, మధ్యల లారీ పోనిస్తే దిగబడుడే. గట్లనే ఉరుకుడు మొదలువెట్టిన మూడో వారం నాలుగో వారం ఎముక కొంచెం కచ్చాగ ఉంటది, సరిగ్గ అప్పుడే దమ్ము మస్తుగ వచ్చి కాళ్ళల్ల ఊపొచ్చి ఇయ్యాల ఫుల్ కొడ్త అనిపిస్తది. ఎంత ఉరకాలన్నది అప్పుడు కాలును అడగాలె, దమ్మును కాదు. గ్రౌండ్‌ల నేను చూసినకాడికి మళ్ళ కుంటుకుంట వచ్చేటోళ్ళల్ల చానమంది మొదటి వారం వాళ్ళు కాదు, నెల రోజులు మంచిగ ఉరికి ఇంక నాకేం కాదు అనుకున్నోళ్ళే.

మరి రెడీ అయిన అని ఎట్ల తెలుస్తది?

ముందుగాల అర్ధగంట స్పీడ్‌గ నడువుండ్రి. నడుస్తున్నప్పుడు గానీ తెల్లారి గానీ నొప్పి, వాపు లేకపోతే ఒక గండం గడిచినట్టు. తర్వాత మెట్లు. ఎక్కుడు అందరికీ వస్తది, దిగేటప్పుడు చూడాలె, పద్మాక్షి గుట్ట మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండ, ఒక కాలు దాచుకోకుండ దిగగల్గుతున్నరా అని. పక్కన నిలబడి చూసేటోళ్ళకు మీరు కుంటుడు మీకంటే ముందు కనబడ్తది, కాబట్టి ఒక దోస్తును తీస్కపోయి వెనక నుంచి వీడియో తియ్యమనుండ్రి.

మెట్ల మీద ఇంకొకటి. మెట్టు అంచు మీద ఒక్క కాలి ముందటి భాగం ఆనిచ్చి, గోడకు వేలు ఆనిచ్చి, మడిమ పైకి లేపుకుంట దించుకుంట పోవాలె. మంచి కాలుతోని ఎన్ని వస్తున్నయో ముందు చూస్కోండ్రి, ఇరవై దాటాలె. దెబ్బ తగిలిన కాలుతోని దానికి దగ్గర్లకు రావాలె. మంచి కాలు పాతిక కొట్టి రెండో కాలు పదికే వణుకుతుందంటే నొప్పి లేకున్నా ఆ పిక్కల బలం లేనట్టే, ఉరికేటప్పుడు ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడింతలు ఆ కాలు మీద పడ్తది, అది ఎవరు మొయ్యాలె మరి?

అన్నిటికంటే ఆఖర్న ఒంటి కాలు మీద గెంతుడు. మెత్తటి నేల మీద, పది సార్లు, నొప్పి లేకుండ, రెండు కాళ్ళకూ ఒక్కతీరు చప్పుడు రావాలె. దెబ్బ తగిలిన కాలు ధబ్‌మని పడుతుంటే ఇంక ఒక వారం ఆగుండ్రి. ఎముక నొప్పి వచ్చినోళ్ళు మాత్రం ఈ గెంతుడు సొంతంగ చెయ్యకుండ్రి, డాక్టర్ చెప్పినంకనే.

మొదటి రోజు ఎంత ఉరకాలె?

సిగ్గనిపించేంత తక్కువ. ఐదు నిమిషాలు నడక, తర్వాత ఒక నిమిషం జాగింగ్ రెండు నిమిషాలు నడక, గట్ల ఆరు సార్లు, మళ్ళ ఐదు నిమిషాలు నడక, ఇంటికి. మొత్తం కలిపి ఆరు నిమిషాలే ఉరికినట్టు. రెండో దినం రెస్ట్. మూడో దినం అదే మళ్ళ. రెండు సార్లు ఏ గడ్‌బడ్ లేకుండ అయితే జాగింగ్ రెండు నిమిషాలు చెయ్యుండ్రి, తర్వాత మూడు, నడక ఒక నిమిషానికి దించుకుంట పోండ్రి. వారానికి మూడు రోజులకు మించి వద్దు. మధ్యల నొప్పి వస్తే ఒక మెట్టు వెనక్కి దిగాలె, మొత్తం మానేసుడు కాదు.

అర్ధగంట ఆపకుండ మెల్లగ ఉరికేదాక వాచ్ మీద స్పీడ్ చూడకుండ్రి. మాట్లాడుకుంట ఉరకగల్గాలె, అదే స్పీడ్. దూరం పెంచిన వారం స్పీడ్ పెంచొద్దు, స్పీడ్ పెంచిన వారం దూరం పెంచొద్దు, రెండూ ఒక్కసారి పెంచిన్రంటే ఏది దెబ్బతీసిందో కూడ తెల్వది.

పక్కపొంటి ఇంటర్ పిల్లలు ధనాధన్ ఉరుక్కుంట పోతరు, అన్న నడుస్తుండు ఏందిరా అని నవ్వుతరు. నవ్వనీయుండ్రి.

ఉరుకుతుంటే కొంచెం నొప్పి ఉంటది. ఆపాల్నా?

నొప్పిని సున్నా నుంచి పది దాక నంబర్ వేసుకోండ్రి. ఫిజియోలు చెప్పే లెక్క ఏందంటే మూడు లోపు ఉండి, ఉరికేకొద్ది పెరగకుండ, తెల్లారేసరికి పాత స్థితికి వస్తే నడుస్తది. నాలుగు ఐదు దాటితే, లేకపోతే నొప్పికి మీ అడుగు మారితే అప్పుడే ఆపి నడుచుకుంట ఇంటికి రావాలె.

అసలు పరీక్ష తెల్లారి పొద్దుగాల మంచం దిగంగనే వేసే మొదటి పది అడుగులు. గ్రౌండ్‌ల ఒళ్ళు వేడి మీద ఉంటే చాన నొప్పులు దాసుకుంటయ్, పొద్దుగాల దాసుకోవు. అకిలిస్ నొప్పి, అరికాలి నొప్పి ఉన్నోళ్ళకు ఇది ఇంక పక్కా, నిన్నటికంటే ఇయ్యాల మొదటి అడుగులు ఎక్కువ పొడిస్తే నిన్న ఎక్కువైనట్టే. ఇదంతా కండలకు, టెండన్లకు చెప్పింది. ఎముక నొప్పికి ఈ మూడు లోపు అన్న లెక్క లేదు, దానికి సున్నానే.

కానిస్టేబుల్ ఈవెంట్స్ దగ్గరికొచ్చినయ్, ముంగాళ్ళు నొప్పి, రోజూ 1600 కొట్టకపోతే టైం రాదనిపిస్తుంది. ఏం చెయ్యాలె అన్నా?

ఈ ప్రశ్న అడగని రోజు లేదు. ముందు లెక్క చేద్దాం. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌ల మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద మగపిల్లలకు రౌండ్‌కు దగ్గర దగ్గర 1 నిమిషం 48 సెకన్లు, ఆడపిల్లలకు 2 నిమిషాల 40 సెకన్లు. ఆడపిల్లల టైం అయితే మంచి జాగింగ్ స్పీడే, దానికి రోజూ స్ప్రింట్ కొట్టి కాళ్ళు ఇరగ్గొట్టుకునుడెందుకు? ముందు కావాల్సింది ఈ టైం లోపల క్వాలిఫై అవుడు. ఆర్మీ రన్నింగ్ లెక్క వేరే, అండ్ల టైంకు మార్కులుంటయ్, అది వేరే ప్రాక్టీస్. ఏదైనా కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు అండ్ల ఏముందో అదే చూస్కోండ్రి.

కోచింగ్ సెంటర్లల్ల మా పిల్లలు చేసేది ఏందంటే నోటిఫికేషన్ పడేదాక పుస్తకాలు, డేట్ రాంగనే పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, రోజూ టైం పెట్టుకొని 1600. వారానికి పద్నాలుగు పరీక్షలు రాసినట్టు. నెల తిరగకుండ ముంగాళ్ళు పట్టుకొని కూసుంటరు. మళ్ళ అదే గ్రౌండ్‌ల వంద మంది ఒక్కసారి ఉరుకుతరు గనుక పక్కోడు పోతుంటే ఆగబుద్ధి కాదు.

నొప్పి ముంగాలి లోపలి దిక్కు జానెడు పొడవున పరుచుకొని, ఉరుకుడు మొదలువెట్టంగనే ఉండి వేడెక్కంగ తగ్గుతుంటే అది షిన్ స్ప్లింట్స్. ఉరుకుడు సగానికి సగం తగ్గించి, రోజు మార్చి రోజు చేసి, మిగతా రోజులు సైకిల్ తొక్కుండ్రి. టైం పెట్టుకునుడు వారానికి ఒక్కసారే. అడుగు జర చిన్నగ వేసి నిమిషానికి అడుగులు ఐదు నుంచి పది శాతం పెంచితే ముంగాలి మీద, మోకాలి మీద దెబ్బ తగ్గుతది. ఫోన్‌ల మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం కొట్టే) యాప్ పెట్టుకొని చూడుండ్రి, రెండు రోజులు పిచ్చిగ అనిపిస్తది తర్వాత అలవాటయితది. లాంగ్‌జంప్ ప్రాక్టీస్ కూడ అదే ఎముక మీద పడ్తది, ఆ లెక్క ఎవరూ వెయ్యరు. నొప్పి ఉన్నన్ని రోజులు జంప్‌లు ఆపి షాట్‌పుట్ టెక్నిక్ నేర్చుకోండ్రి, చానమంది పోయేది ఆడనే.

నొప్పి ఒక్క కాడ, వేలు పెట్టి చూపియ్యొచ్చేటట్టు ఉండి, ఉరికేకొద్ది పెరిగి, రాత్రి పండుకున్నంక కూడ సలుపుతుంటే అది స్ట్రెస్ ఫ్రాక్చర్ కావొచ్చు. అప్పుడు ఈవెంట్స్ డేట్ ఎంత దగ్గరున్నా ఉరకొద్దు. సన్న పగులు మీద స్పీడ్‌గ ఉరికితే పూర్తిగ ఇరిగి రాడ్ వేసేదాక పోయినోళ్ళున్నరు, అప్పుడు ఒక నోటిఫికేషన్ కాదు, దాని తర్వాతది కూడ పోతది.

ఎక్స్‌రేల ఏం లేదన్నరు. మరి ఫ్రాక్చర్ లేనట్టే గదా?

కాదు. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేల చానసార్లు కనబడనే కనబడది, మానుడు మొదలై కొత్త ఎముక పోసుకునేటప్పుడు కనబడ్తది. ఎంఆర్ఐల ముందే తెలుస్తది. ఖర్చని అనుమానం ఉంటే డాక్టర్‌ను సూటిగ అడుగుండ్రి, ఎంఆర్ఐ ఇప్పుడే కావాల్నా లేకపోతే రెండు మూడు వారాలు ఉరుకుడు ఆపి మళ్ళ ఎక్స్‌రే తీద్దమా అని. ముంగాలికైతే గట్ల చూసే డాక్టర్లున్నరు. గజ్జల లోపల నొప్పి వచ్చి కాలు మీద నిలబడితే ఎక్కువైతుంటే మాత్రం అట్ల ఆగొద్దు, తుంటి ఎముక మెడకాడ పగులుంటే ఆపరేషన్ దాక పోతది.

నొప్పి గోళి ఏసుకొని ఉరకొచ్చా?

వద్దు. కాలు చెప్పే ఒక్క మాట కూడ వినబడకుండ చేసుకున్నట్టయితది. పైంగ డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఏసుకొని ఎండల నీళ్ళు తక్కువ తాగి ఉరికితే కిడ్నీల మీద పడ్తది.

ఇంకొకటి చెప్పాలె, ఇది చానమందికి తెల్వది. జ్వరానికో విరేచనాలకో సిప్రోఫ్లాక్ససిన్, ఓఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ రాస్తుంటరు. ఆ గ్రూపు మందులకు టెండన్లు, ముఖ్యంగ అకిలిస్, వాచుడు, తెగుడు అన్న సైడ్ ఎఫెక్ట్ ఉంది. అందరికీ కాదు గానీ ఏసుకుంటున్నప్పుడు, తర్వాత కొన్ని నెలల దాక మడిమ వెనక నొప్పి వస్తే ఉరుకుడు, ఆ మందు రెండూ ఆపి వెంటనే డాక్టర్‌కు చెప్పుండ్రి. వేరే మందు అడిగి మార్పించుకోండ్రి.

మా నాయిన పుత్తూరు కట్టు కట్టిపిద్దామంటుండు.

పెద్దోళ్ళ మాట కాదనలేం గానీ కట్టు కంటే ముందు ఒక ఎక్స్‌రే తీపియ్యుండ్రి. ఎముక జరిగిందా లేదా చూడకుండ గుంజి కట్టుడే ప్రమాదం. ఏ కట్టయినా సరే, కట్టినంక వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, నీలం తిరిగినా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా తెల్లారేదాక ఆగొద్దు, అప్పుడే ఇప్పియ్యాలె, ఇప్పినా తగ్గకపోతే ఎమర్జెన్సీకి పోవాలె.

మాలిష్ సంగతి కూడ అంతే. తొడకు గట్టి దెబ్బ తగిలి లోపల నెత్తురు గడ్డ కట్టినప్పుడు మొదటి రెండు మూడు రోజులు నూనె పోసి గట్టిగ పిసికిపియ్యొద్దు, లోపల ఇంకా కారుతది, ఒక్కోసారి ఆ కండల ఎముక పేరుకుంటది. ఐస్ గుడ్డల చుట్టి పదిహేను నిమిషాలు పెట్టుకోండ్రి, క్రేప్ బ్యాండేజ్, కాలు ఎత్తు మీద. బామ్ రాసుకుంటే హాయిగ ఉంటది, రాసుకోండ్రి, అది మాత్రం చిరిగిన కండను అతికియ్యది.

అయ్యప్ప మాల వేసుకున్న స్వామీ. చెప్పుల్లేకుండ ఉరకొచ్చా?

స్వామి, కాళ్ళకు ఇంతకుముందు ఏ దెబ్బా లేకుంటే మట్టి గ్రౌండ్‌ల మెల్లగ కొంచెం కొంచెం ఉరకొచ్చు. దెబ్బ తగిలి లేస్తున్నోళ్ళయితే ఈ మండలం నడక మీదనే ఉండుడు మంచిది. షూకు అలవాటైన పాదం ఒక్కసారి సీసీ రోడ్డు మీద చెప్పుల్లేకుండ తిరిగితే అరికాలికి, పిక్కకు కొత్త పని పడ్తది, దీక్షల ఉన్నోళ్ళకు పొద్దుగాల మడిమ కింద మొల గుచ్చినట్టు నొప్పి అందుకే వస్తది. 41 రోజులు పిక్కల ఎక్సర్‌సైజ్, వేళ్ళతోని టవల్ గుంజుడు, ఒంటికాలు మీద నిలబడుడు చేస్కోండ్రి. కొండగట్టు హనుమాన్ మాల వేసుకునేటోళ్ళకు ఇంకొంచెం కష్టం, అది ఎండకాలం పడ్తది, తారు రోడ్డు మీద బొబ్బలెక్కుతయ్. మాల తీసినంక మరుసటి రోజే పాత కిలోమీటర్లు కొట్టకుండ్రి, షూలకు మళ్ళ అలవాటు కావాలె పాదం.

ట్రాక్ మంచిదా, కట్ట మంచిదా, రోడ్డా?

జేఎన్ఎస్‌ల సింథటిక్ ట్రాక్ ఉంది, 2021 సెప్టెంబర్‌ల జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది దాని మీదనే. సమంగ ఉంటది, గుంతలుండవు, ఎక్కడ నొప్పి లేస్తే ఆడనే ఆగిపోవచ్చు, ఇంటికి ఆటో ఎక్కొచ్చు. లాభం అది. నష్టం ఏందంటే ఎప్పుడూ ఎడమ దిక్కే తిరుగుడు, వంపుల కాడ రెండు కాళ్ళ మీద బరువు ఒక్కతీరు పడది, మోకాలి బయటి దిక్కు నొప్పి ఉన్నోళ్ళకు, చీలమండ బెణికినోళ్ళకు అది తగులుతది. బయటి లేన్లల్ల వంపు తక్కువ గుంజుతది, ఆడ ఉరకుండ్రి, కాకపోతే ఎనిమిదో లేన్‌ల ఒక రౌండ్ 400 కాదు, యాభై మీటర్ల పైన ఎక్కువే, యాప్ తప్పు చూపిస్తుందని గొడవ పెట్టుకోకుండ్రి.

వడ్డేపల్లి కట్ట, భద్రకాళి కట్ట, కరీంనగర్ల ఎల్ఎండీ (లోయర్ మానేరు డ్యాం) కట్ట, ఇవి సక్కటి దారులు, ట్రాక్ లెక్క వంపులుండవు, మొదటి నెలకు నాకయితే ఇవే ఇష్టం. మనుషులు ఎక్కువుంటరు గనుక స్పీడ్ కొట్టే అవకాశమే రాదు, అదీ మంచికే. రోడ్డు మీదయితే అంచుల వాలు చూస్కోండ్రి, రోజూ ఒకే పక్కన ఉరికితే ఒక కాలు ఎప్పుడూ కిందనే పడ్తది. ఖిలా వరంగల్ దిక్కు రాళ్ళు, ఎత్తుపల్లాలు, మెల్లగ చూసుకుంట నడిచేటందుకు బాగుంటది, చీలమండ ఇంకా గట్టిపడనోళ్ళు ఆడ ఉరుకుడు తర్వాత చూస్కోవచ్చు.

కొత్త షూ కొంటే నొప్పి పోతదా?

పాతది అరిగి ఉంటే కొనాలె, మామూలుగ ఐదొందల నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు లోపలి మెత్త పని అయిపోతది. నొప్పి వచ్చిందని మాత్రం పది వేలు పెట్టి కొనాల్సిన పని లేదు. వేసుకుంటే హాయిగ ఉండాలె, ముందు బొటనవేలంత జాగ ఉండాలె, సాయంత్రం పాదం కొంచెం ఉబ్బినంక పోయి చూసి కొనుక్కోండ్రి. కొత్త షూతోని మొదటి రోజే దూరం పోవద్దు.

నా చీలమండ మాటిమాటికి బెణుకుతది. అదే కాలు, అదే కాడ.

మొదటిసారి బెణికినప్పుడు వాపు తగ్గంగనే అయిపోయిందనుకున్నరు, అందుకే. లిగమెంట్‌తోని (ఎముకను ఎముకకు కట్టే పట్టీ) పాటు కాలు ఎట్ల వంగిందో మెదడుకు చెప్పే నరాల పని కూడ దెబ్బతింటది, అది వాపుతోని పాటు తిరిగిరాదు, నేర్పియ్యాలె. పొద్దుగాల పండ్లు తోముకునేటప్పుడు ఒంటి కాలు మీద నిలబడుండ్రి, సగం టైం ఈ కాలు సగం టైం ఆ కాలు. అది అలకగ వస్తే కండ్లు మూస్కోండ్రి, సింక్ పట్టుకొనేంత దగ్గర ఉండి. అది కూడ వస్తే మడతపెట్టిన బొంత మీద. ఆరు వారాలు వదలకుండ చేస్తే తేడా తెలుస్తది. అప్పటిదాక ఉరికేటప్పుడు యాంకిల్ బ్రేస్ వేసుకుంటే తప్పు లేదు. బతుకమ్మ తొమ్మిది రోజులు చీకట్ల గునుగు పూల కోసం చెల్కలల్ల తిరిగేటోళ్ళు జర పైలం, నాకు తెలిసి సగం బెణుకుడు ఆడనే.

కల్లెడ దీప్తిని చూసి మా పాపను కూడ గ్రౌండ్‌కు తోలుతున్న. పన్నెండేండ్లు. మడిమ నొప్పి అని ఏడుస్తది. మాన్పియ్యాల్నా?

దీప్తి జీవన్‌జీ మన పర్వతగిరి మండలం పిల్ల, 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్లల కాంస్యం తెచ్చింది. మంచి ఆలోచనే అన్నా, మాన్పియ్యకు. ఎనిమిది నుంచి పద్నాలుగేండ్ల పిల్లలకు మడిమ ఎముకకాడ పెరిగే భాగం ఇంకా మెత్తగుంటది, పిక్క దాన్ని గుంజితే నొప్పి లేస్తది. మడిమను రెండు పక్కల నుంచి నొక్కితే అబ్బా అంటే చానవరకు అదే. ఎదుగుడు ఆగినంక దానంతట అదే పోతది. అందాక ఉరుకుడు తగ్గించు, మెత్తటి షూ ఇప్పియ్యి, నొప్పి ఉన్న రోజు ఆడిపియ్యకు. అదే వయసుల మోకాలి చిప్ప కింద బొడిపె లేచి నొప్పి వచ్చేది కూడ ఇదే తీరు. రాత్రిపూట నొప్పికి లేచి ఏడ్చినా, జ్వరం ఉన్నా, కుంటుడు తగ్గకున్నా మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపియ్యాలె.

కబడ్డీల ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగింది, ఆపరేషన్ అయింది. మూడు నెలలకు ఉరకొచ్చన్నరు, అంటే ఆడొచ్చన్నట్టేనా?

అస్సలు కాదు తమ్మీ. మూడు నాలుగు నెలలకు మొదలయ్యేది సక్కగ, మెల్లగ జాగింగ్, అది కూడ మోకాలు వాపు లేకుండ, పూర్తిగ సాగి, తొడ ముందటి కండ మంచి కాలుతోని పోలిస్తే డెబ్బై ఎనభై శాతం బలం వచ్చినంకనే. కబడ్డీ అంటే మలుగుడు, ఎగురుడు, ఐదుగురు మీద పడుడు. తొమ్మిది నెలల లోపల దిగినోళ్ళకు మళ్ళ తెగుడు ఎక్కువ. సంక్రాంతికి ఊరి టోర్నమెంట్ ఉందని పోకు, వచ్చే సంక్రాంతి కూడ ఉంటది.

అన్నా, అడగాల్నా వద్దా అనుకున్న. కాలికి స్ట్రెస్ ఫ్రాక్చర్ అన్నరు, నాకు మూడు నెలల నుంచి పీరియడ్స్ కూడ లేవు. దానికీ దీనికీ సంబంధముంటదా?

ఉంటది చెల్లె, మంచిగ అడిగినవ్. ఉరికే దానికి సరిపోను తిననప్పుడు ఒళ్ళు ముందు పీరియడ్స్ ఆపుతది, ఎముకలు బలం తగ్గుతయ్. హాస్టల్ల ఉండి పొద్దున ఏం తినకుండ గ్రౌండ్‌కు వచ్చి, బరువు తగ్గితే స్పీడ్ వస్తదని రాత్రి కూడ సగం తినే పిల్లలను చూస్తనే ఉంట. గైనకాలజిస్ట్‌కు చూపియ్యి, కాలి డాక్టర్‌కు కూడ ఈ ముచ్చట చెప్పు, వాళ్ళు అడగకపోయినా. పీరియడ్స్ తిరిగిరాకముందు ఉరుకుడు మొదలువెడితే ఇంకో ఎముక పోయే ప్రమాదముంటది. మగపిల్లలకు ఈ గుర్తు ఉండది గానీ తక్కువ తిని ఉరికితే వాళ్ళకూ అదే ఎముక.

ఏం తినాలె? మేక కాళ్ళ సూప్ తాగితే ఎముక అతుకుతదంటరు.

తాగుండ్రి, రుచిగ ఉంటది, నష్టం లేదు. అదొక్కటే తాగి అన్నంల పప్పు మానేస్తే లాభం లేదు. దెబ్బ మానేటప్పుడు కిలో బరువుకు ఒకటిన్నర గ్రాముల దాక ప్రోటీన్ పడాలె, అరవై కిలోలోళ్ళకు తొంభై గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములొస్తది, లెక్క వేస్కుంటే మనం ఎంత తక్కువ తింటున్నమో తెలుస్తది. పప్పు, గుడ్లు, పెరుగు, చికెన్, పల్లీలు, రాగి జావ. విటమిన్ డి ఒకసారి చెక్ చేపిచ్చుకోండ్రి, చీకట్ల ఉరికి పగలంతా స్టడీ హాల్ల కూసునేటోళ్ళకు తక్కువుంటది.

కల్లు తాగితే ఒళ్ళునొప్పులు పోతయా అని కూడ అడుగుతరు. నొప్పి తెల్వకుండ పోతది, అంతే.

రెస్ట్‌ల ఉన్నప్పుడు దమ్ము పోకుండ ఏం చెయ్యొచ్చు?

సైకిల్. ఊర్లల్ల అయితే ఈత, బావిల దిగి నడుము లోతు దాటిన నీళ్ళల్ల ఉరికినట్టు చేస్తే దమ్ము మస్తు పడ్తది, కాలి మీద బరువు చాన తగ్గుతది, ఈతొచ్చినోళ్ళు పక్కనుంటేనే దిగుండ్రి. పుండు ఇంకా మానకపోతే వద్దు. తాడాట మాత్రం ఈ లిస్టుల రాదు, అండ్ల కూడ ప్రతి గెంతుకు కాలి మీద దెబ్బ పడ్తది.

నాకు యాభై ఐదు తమ్ముడూ. మోకాళ్ళు అరిగినయ్ అన్నరు. నాకు ఈ ఉరుకుడు అవసరమా?

సార్, మామూలు మనుషులు లిమిట్‌ల ఉరికితే మోకాళ్ళు అరుగుతయన్నది నిజం కాదు, కూసునుడు అంతకంటే చెడ్డది. కానీ అరిగినంక అయితే వాపు, నొప్పి చూసుకొని నడక ఎక్కువ జాగింగ్ తక్కువ పెట్టుకోండ్రి, రోజు మార్చి రోజు కుర్చీల నుంచి చేతులు ఆనకుండ లేచి కూసునుడు చెయ్యుండ్రి, తొడ కండ గట్టిపడితే మోకాలు తేలికయితది. బీపీ, షుగర్ ఉన్నోళ్ళు మళ్ళ మొదలువెట్టే ముందు గుండె చూపిచ్చుకోండ్రి. పిక్క ఒక్కదానికే వాపొచ్చి, వేడిగ, ఎర్రగ ఉండి నొప్పి పెడితే, అందుల ఆపరేషన్ గానీ సిమెంట్ కట్టు గానీ అయినంక అయితే, అది కండ పట్టుడని మాలిష్ చేపియ్యకుండ్రి, నెత్తురు గడ్డ కావొచ్చు, అదే రోజు హాస్పిటల్‌కు పోవాలె. ఆయాసం కూడ వస్తే 108కి ఫోన్ కొట్టుండ్రి.

ఎండకాలం మొదలువెట్టొచ్చా?

ఏప్రిల్, మే నెలలల్ల మా రామగుండం, ఆదిలాబాద్ దిక్కు 44, 45 డిగ్రీలు పోతది, వరంగల్ కూడ తక్కువేం కాదు. నెల రోజులు ఇంట్ల కూసున్నోళ్ళకు ఎండ అలవాటు కూడ పోయుంటది, అది తిరిగొచ్చేటందుకు పది పద్నాలుగు రోజులు పడ్తది. పొద్దుగాల ఐదుకు మొదలువెట్టి ఆరున్నర లోపల అయిపోగొట్టుండ్రి. ఉప్పేసిన మజ్జిగో అంబలో తాగుండ్రి. తల తిరిగినా, చెమట ఆగిపోయినా, మాట తడబడినా నీడకు తీస్కపోయి ఒంటి మీద నీళ్ళు పోసుకుంటనే 108కి ఫోన్ చెయ్యాలె.

పొద్దుగాల కుక్కలు వెంట పడ్తయ్. ఉరికితే కాలు నొప్పి, ఉరకకపోతే కుక్క. ఏం చెయ్యాలె?

ఉరకొద్దు. నెలల తర్వాత మొదటి స్ప్రింట్ కుక్క ముందట కొట్టి తొడ వెనక కండ చింపుకున్నోళ్ళను చూసిన, పైంగ ఉరికేదాన్ని చూస్తేనే కుక్కకు ఇంక హుషారు. ఆగి, దాని దిక్కు తిరిగి, కండ్లల్లకు చూడకుండ మెల్లగ వెనక్కి అడుగులు వెయ్యుండ్రి. వంగి రాయి ఏరినట్టు చేస్తే చానమట్టుకు పోతయ్. కరిస్తే సబ్బుతోని పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, పసుపు కారం పెట్టకుండ, అదే రోజు సర్కారు దవాఖానకు పోయి కుక్కకాటు సూది వేపిచ్చుకోవాలె, మిగతా డోసులు కూడ తప్పకుండ. ఆ సూదులు తీస్కుంటున్నన్ని రోజులు మెల్లగ జాగింగ్ చేసుకోవచ్చా అని కూడ అడుగుతరు, కరిచింది కాలికి కాకపోతే, జ్వరం లేకపోతే చేసుకోవచ్చు.